తువ్వాల కింద చెయ్యి

పరధ్యానంలో ఒకరి చెప్పులు తొడుక్కొని వచ్చినవాళ్లున్నారు. పక్కింట్లోకి పోయి పీట వాల్చుకొని అన్నం పెట్టమన్నవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం పరధ్యానంలో నా పెళ్లినే పారేసుకున్నాను. అదీ సూర్యాపేట పశువుల అంగడిలో, పట్టపగలు, మా అమ్మ కళ్ల ముందు. నవ్వితే నవ్వండి గాని మా అమ్మ పక్షాన చేరి నన్ను తిట్టకండి. ఆ పని చేయడానికి మోతె నుంచి మిర్యాలగూడ దాకా చాలామంది ఉన్నారు.

నిజాం రూపాయి ఇంకా చెల్లుతున్న రోజులవి. రోడ్ల మీద గడబిడ తగ్గి అంగడి మళ్లీ నిండుగా సాగుతోంది. నాకు పంతొమ్మిదేళ్లు. మోతె దగ్గర మా ఊళ్లో మాకు కొన్ని గొర్రెలు, ఒక పాడి బర్రె ఉండేవి. ఆ బర్రె ముసలిదైపోయి పాలు మానేసింది. కొత్తది కొనాలి. మా నాయన చాలా మంచివాడు, అంటే బేరానికి పనికిరాడు. అడిగినంత ఇచ్చి పైన దండం కూడా పెట్టి వస్తాడు. అందుకని ఇంటి కొనుగోళ్లన్నీ మా అమ్మవే. ఆమె ఉప్పు కొంటే కొసరు కింద మిరపకాయలు రావాలి. మిరపకాయలు కొంటే ఉప్పు రావాలి. నేను ఆమెను అవ్వా అని పిలిచేవాణ్ని. అంగడిలో షావుకార్లు ఆమెను చూడగానే పిలవడం మానేసి వేరే పని చూసుకునేవారు.

నాకు అప్పటికే మిర్యాలగూడలో పిల్ల ఖాయమైంది. చూపులకు పోయినప్పుడు ఆమె కొంగు ముఖం మీదికి లాక్కొని వచ్చింది. కాబట్టి నేను చూసిందల్లా నీళ్ల చెంబు అందించిన ఒక్క చెయ్యి. మణికట్టు నిండా ఆకుపచ్చ గాజులు. ఆ నీళ్లు తాగానో, ఒలకబోసుకున్నానో నాకు గుర్తులేదు. అప్పటినుంచి గొర్రెలు ఎటు పోతున్నాయో తెలియదు, అన్నంలో కూర ఉందో లేదో తెలియదు. పొద్దున మంచులో ఆ చెయ్యే, పొద్దుగూకే ఎరుపులో ఆ చెయ్యే. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. కాబోయే మామ మాత్రం వెండి కడియాల దగ్గర పట్టుబట్టి ఒకటే మాట అన్నాడు: "ఎండి కడియాలు పెట్టినంకనే పిల్లను తోలుత."

అంగడి నాడు చీకటితోనే బయలుదేరాం. దారంతా అమ్మ పాఠం చెబుతూనే ఉంది.

పశువుల అంగడిలో ధర నోటితో చెప్పరు. చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకుండా, కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుతారు. వేలికి ఇన్ని రూపాయలని లెక్క, ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. పట్టుకొని గట్టిగా నొక్కితే బేరం ఖాయం. నొక్కాక దేవుడు దిగివచ్చినా మాట మారదు.

"పరాయి మొగోని చెయ్యి పట్టుకొని నేను బేరం చేస్తనారా? నోరు నాది, చెయ్యి నీది" అంది అమ్మ. "మూడు వేళ్లు బర్రెకు. రెండు వేళ్లు కోడలి కడియాలకు. నా కొంగుముడిల ఉన్నయి గా అయిదు వేళ్ల పైసలే. సమజైందా?"

"అయింది."

"ఏం సమజైంది, చెప్పు."

"మూడు వేళ్లు కడియాలకు..."

"ఓరి నీ పాడుగాను! కడియాలు నీ అత్తగారి బర్రెకు పెడతవా?"

సూర్యాపేట చేరేసరికి అంగడి దుమ్ములో పడ్డ ఎండ పసుపు చల్లినట్టుంది. కోదాడ నుంచి వచ్చిన ఒక నెయ్యి వ్యాపారి నల్లగా నిగనిగలాడే బర్రెను పట్టుకొని నిలబడ్డాడు. అమ్మకు అది చూడగానే నచ్చింది. నచ్చిందని నాకెలా తెలిసిందంటే, తిట్టడం మొదలుపెట్టింది.

"కొమ్ము వంకరున్నది."

"కొమ్ముతో పాలు పిండరు కదమ్మా" అన్నాడాయన.

"తోక పొట్టిగున్నది. ఈగలను నువ్వొచ్చి తోలుతవా?"

"వస్తానమ్మా, మీరు అన్నం పెడితే."

ఇలా కాసేపు సాగాక ఆయన నా చెయ్యి అందుకొని పైన తెల్ల తువ్వాల కప్పాడు. నేను రెండు వేళ్లు పట్టుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపి నావి నాలుగు పట్టుకున్నాడు. నేను మూడు పట్టుకొని అమ్మ వైపు చూశాను. "గంతే. ఇగ కదలకు" అని కళ్లతోనే చెప్పి, ఆమె మళ్లీ తోక దగ్గరికి పోయింది.

కదలకుండా నిలబడటం ప్రమాదమని ఆమెకు తెలియదు. కదలకపోతే నేను కల గంటాను.

ఎదురుగా గాజుల మలారం విప్పి కూర్చున్న ఒకామె, ఎవరికో ఆకుపచ్చ గాజులు తొడుగుతోంది. ఆ గలగల చెవిన పడింది. ఎక్కడో ఎడ్ల మెడలో గంటలు. దుమ్ము మెల్లగా లేచి మెల్లగా దిగుతోంది. తువ్వాల కింద ఉన్నది ఏళ్ల తరబడి నేతిలో నానిన చెయ్యి, వెన్నలా ఉంది. కళ్లు సగం మూతపడ్డాయి. అంగడి కరిగిపోయింది, బర్రె కరిగిపోయింది. మిర్యాలగూడ వాకిట్లో నేను, నా ముందు నీళ్ల చెంబు, ఆ చెంబు వెనక ఆ చెయ్యి. ఈసారి చెంబు అందుకోలేదు. చెయ్యే అందుకున్నాను. అయిదు వేళ్లూ కలిపి పట్టుకొని, ప్రాణమంతా పెట్టి నొక్కాను.

"ఖాయం!" అని కోదాడ ఆయన కేక పెట్టాడు.

అమ్మ మురిసిపోతూ వచ్చింది. "మూడుకేనా?"

"మూడేంటమ్మా! నేను నాలుగు అడిగాను. మీ అబ్బాయి అయిదు ఇచ్చాడు. ఇన్నేళ్లుగా అంగళ్లు తిరుగుతున్నాను గాని, ఇంత ప్రేమగా నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు."

చుట్టూ జనం మూగారు. అమ్మ నన్ను చూసింది. నేను చూస్తున్న గాజుల మలారాన్ని చూసింది.

"ఎవల చెయ్యి అనుకున్నవురా?"

భూమి నోరు తెరిస్తే దూకుదామనుకున్నాను.

మాట తిప్పుకోవడానికి లేదు. కానీ మా అమ్మ ఊరికే ఓడిపోయే మనిషా? కొసరు అడగడం మొదలుపెట్టింది. పలుపుతాడు తీసుకుంది, మెడలో గంట తీసుకుంది, పాలు పిండే చెంబు తీసుకుంది. చివరికి "ఆ తువ్వాల గూడ ఇటియ్యి. నా కొడుకు ఇజ్జత్ దాని కిందనే పోయింది" అని అదీ లాక్కుంది. అయినా కొంగుముడి మాత్రం ఖాళీ అయింది.

కల్యాణం వచ్చినా కక్కు వచ్చినా ఆగదంటారు. నా కల్యాణం బర్రె వచ్చి ఆగింది. కడియాలు లేవు కాబట్టి లగ్గం లేదు. ఇంటిదాకా అమ్మ బర్రె పలుపు పట్టుకొని నాకంటే ముందు నడిచింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ దారిలో మొదటిసారి నాకు నిజంగా భయమేసింది. ఆ పిల్ల నాకు దక్కదేమోనని ఏడుపొచ్చింది.

మర్నాడే అమ్మ నన్ను వెంటబెట్టుకొని మిర్యాలగూడ పోయింది. "అన్నా, జర యాడాది గడువియ్యి" అని అడిగింది.

మామ మొహం ముడుచుకున్నాడు. "పైసలు గిట్లెట్ల ఖతమైనయి? పిలగాడు తాగుతడా? గట్లయితే ఇప్పుడే చెప్పు. మాకు ఇంకో సంబంధం గూడ వచ్చింది."

అబద్ధమాడమని అమ్మను మనసులో బతిమాలుకున్నాను. ఆమె ఆడలేదు.

"తాగితే నయముండు. నీ బిడ్డ చెయ్యి అనుకొని, బర్రెలాయన చెయ్యి పిసికిండు."

మామ నోరు తెరిచాడు, మూయలేదు. లోపల గాజులు గలగలమన్నాయి. ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నారు, ఆ నవ్వు కొంగులో ఆగడం లేదు. చాలాసేపటికి తలుపు వెనక నుంచి మాట వినిపించింది.

"నాయనా, యాడాది ఆగుదాం. గని అత్తమ్మా, గీ యాడాది ఆయనను అంగడికి మాత్రం తోలకున్రి."

ఆ బర్రె పాలు అమ్మిన పైసలతోనే కడియాలు చేయించాం, లగ్గమూ అయింది. అందుకే సూర్యాపేట అంగడి దుమ్ము మీద ఒట్టేసి చెబుతున్నాను. బతికున్నంత కాలం నేను ఏ తువ్వాల కిందా చెయ్యి పెట్టను. స్నానం చేసి ఒళ్లు తుడుచుకోవాలన్నా, ముందు మా ఆవిడను అడుగుతాను.