గంగమ్మ తీసుకున్న బూట్లు

నవ్వకుండ వింటమంటేనే చెప్త. పోయిన నెల ఐర్లాండ్‌ల సముద్రం నా బూట్లు గుంజుకపోయింది! వట్టి బూట్లే అయితే ఇంత కథ ఎందుకు? వాటిల్ల ఏమున్నదో తెలిస్తే మీరే నన్ను రెండు తన్నాలంటరు.

ముందుగాల మా సంతోష్ సంగతి చెప్పాలె. డబ్లిన్‌ల వాడూ నేనూ ఒకటే ఆఫీసు, పక్కపక్క ఫ్లాట్లే. వానిది స్టేషన్ ఘన్‌పూర్. ఈ ఎండకాలమే పెండ్లయింది. పిల్ల పేరు మౌనిక, కాజీపేట రైల్వే వాళ్ల బిడ్డ. పెండ్లయిన పది రోజులకే వీడు డ్యూటీకి వచ్చేసిండు, ఆమె వీసా కోసం అక్కడనే ఆగిపోయింది. ఆ వీసా ఇగొస్తది అగొస్తదని ఎదురుచూసి ఎదురుచూసి వీడు సగమైండు. ఆఖరికి వచ్చింది. ఆదివారం సాయంత్రం ఫ్లైటు దిగుతాంది!

ఆ పొద్దుగాల వీని హడావుడి చూడాలె. ఒక్క కాడ నిలవడతలేడు, తుడిచిన సోఫానే మళ్ల తుడుస్తాండు. మా ఆఫీసుల లావణ్యక్క అని జనగామ ఆమె ఉన్నది. వారానికొక గుట్ట ఎక్కకపోతే ఆమెకు తిన్నది అరగదు. వీన్ని ఇంట్ల ఉంచితే సాయంత్రానికి పిచ్చోడైతడు, సముద్రం ఒడ్డున హైక్ పోయి అట్నుంచి అటే ఎయిర్‌పోర్ట్ పోదామన్నది. సంతోష్ కారు తీసిండు. వెనక సీట్ల గులాబీల బొకే, మౌనిక కోసం కొన్న ఎర్ర కోటు జాగ్రత్తగ పెట్టిండు.

నేను ఊకుంటనా, సముద్రం కాడికి పోతున్నమని ముందు రోజే ఇంటికి ఫోన్ చేసి చెప్పిన. మా అమ్మ ఒక పని అప్పజెప్పింది.

"కొత్త పెండ్లిపిల్ల సముద్రాలు దాటి వస్తాంది బిడ్డా. గంగమ్మకు పసుపు కుంకుమ ఇచ్చి కొబ్బరికాయ కొట్టు. చెప్పులు ఇడిసి మొక్కు, మర్చిపోకు."

ఇండియన్ షాపుల కొబ్బరికాయ, పసుపు, కుంకుమ కొని బ్యాగుల ఏస్కున్న.

హైక్ మాత్రం మస్తున్నది భయ్! ఒక దిక్కు గుట్ట, ఒక దిక్కు ఎక్కడో కింద సముద్రం, మధ్యల సన్నటి బాట. గాలి మనిషిని నిలవనిస్తలేదు. నాకు ఈల వేయాలనిపించింది, వేసిన కూడ. సంతోష్ ఆ సముద్రం దిక్కు చూస్తే ఒట్టు. ఫోన్ల విమానం ఎక్కడిదాక వచ్చిందో చూసుకుంట నడిచిండు. ఆ పరధ్యానంల కారు తాళంచెవి రెండుసార్లు కింద పడేసుకున్నడు. రెండోసారి నేనే ఏరి నా దగ్గర పెట్టుకున్న. "నువ్వు ఆగమాగమున్నవ్ రా. నా దగ్గరుంటే బ్యాంకుల ఉన్నట్టే" అన్న. ఈ మాట అన్నది నేనే, సాక్షులున్నరు.

గుట్ట దిగితే చిన్న బీచ్. నీళ్లు చాన దూరంల ఉన్నయ్. ఒక నల్ల రాయి మీద బూట్లు, సాక్సులు ఇడిసిన, ప్యాంటు మోకాళ్ల దాక మడిచిన. ఆ ట్రాక్ ప్యాంటుకు జేబులు నామ్‌కే వాస్తే, వంగితే ఉన్నయన్నీ పడిపోతయ్. తాళంచెవి నీళ్లల్ల పడితే ఎట్ల? అందుకే మస్తు తెలివిగ దాన్ని సాక్సుల చుట్టి బూటు లోపలికి దోపిన.

నీళ్లల్ల కాలు పెడితే ప్రాణం జిల్లుమన్నది. అయినా పసుపు కుంకుమ చల్లిన, ఇంత బొట్టు నేనూ పెట్టుకున్న. కొబ్బరికాయ కొట్టి ఒక చిప్ప గంగమ్మకు ఇడిసిన. అది పోయినట్టే పోయి మళ్ల నా కాళ్ల కాడికొచ్చింది. మళ్ల ఇడిస్తే మళ్ల వచ్చింది. గంగమ్మకు కొబ్బరి పడదేమో తమ్మీ, అన్నది లావణ్యక్క. సరేనని ఆ చిప్పను అక్కడనే ఇడిసి, రెండోది పట్టుకొని, జర దూరంల ఎత్తుమీద కూసొని ముగ్గురం సకినాలు తిన్నం, ఫొటోలు దిగినం, పెండ్లి ముచ్చట్లు చెప్పుకున్నం.

లేచి చూస్తే నల్ల రాయి లేదు.

నేను వరంగల్ల పుట్టినోన్ని. మన చెరువు కట్ట మీద పొద్దుగాల చెప్పులు ఇడిస్తే సాయంత్రం దాక నీళ్లు వాటి జోలికి రావు. వాన పడకుండ నీళ్లు పైకెందుకొస్తయ్? ఆటుపోట్ల గురించి పరీక్షల రాసి మార్కులు తెచ్చుకున్న మాట నిజమే. గానీ అవి నా బూట్ల దాకా వస్తయని సిలబస్‌ల లేకుండె! నడుం లోతు నీళ్ల దాక ఉరికిన. ఒక బూటు తేలుకుంట కనిపిస్తే పట్టుకున్న. ఎడమది. తాళంచెవి కుడి దాంట్ల ఉండె.

సంతోష్ తిట్టలేదు. తిట్టినా బాగుండు. ఇసుకల కూలబడ్డడు.

"ఆమెకు ఇదే మొదటి విమానం రా. బయటికి రాంగనే ముందుగాల నేనే కనిపిస్తనని మాటిచ్చిన" అన్నడు.

వాడు ఇన్ని నెలలు ఎదురుచూసింది ఆ ఒక్క నిమిషం కోసమే, దాన్ని నేను సాక్సుల చుట్టి సముద్రంల పెట్టొచ్చిన.

కారు కాడికి ఉరికినం. అద్దంల నుంచి గులాబీలు కనిపిస్తున్నయ్, కోటు కనిపిస్తాంది, తలుపు రాదు. ఇంకో తాళంచెవి ఫ్లాట్ల ఉన్నది, ఆ ఫ్లాటేమో ఎటో దిక్కు. ఎయిర్‌పోర్ట్‌కు బస్సుల పోవుడే అన్నది లావణ్యక్క. చుట్టుపక్కల ఒకటే దుకాణం, అందుల ఐస్‌క్రీమ్ తప్ప చెప్పులు లేవు. ఒక్క బూటుతోని ఏం చేస్త, బస్‌స్టాప్ దాక కంకర మీద ఉత్తకాళ్లతో ఉరికిన. బస్సుల ఒక ముసలామె నా కాళ్ల దిక్కు చూసి పర్సు తీసింది. చిల్లర ఇస్తదేమోనని కిటికీ దిక్కు తిరిగిన.

మేము లోపలికి ఉరుకుడు, మౌనిక ట్రాలీ తోసుకుంట బయటికొచ్చుడు ఒక్కసారే అయింది! సంతోష్ చేతుల పువ్వు లేదు, ఒంటినిండ ఇసుక. అయినా వాన్ని చూసి ఆ పిల్ల నవ్వింది, ఏడ్సింది, మళ్ల నవ్వింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

గప్పుడు ఆమె నా దిక్కు చూసింది. మోకాళ్ల దాక మడిచిన తడి ప్యాంటు, నొసట కుంకుమ, చేతుల ఇంకా ఆ రెండో కొబ్బరిచిప్ప, కాళ్లకు చెప్పులు లేవు, బొటనవేలికి రక్తం.

"అన్నా, నా వీసా కోసం ఇట్ల మొక్కుకున్నవా?"

అసలు ముచ్చట చెప్పడానికి సంతోష్ నోరు తెరిచిండు. లావణ్యక్క వాని కాలు తొక్కింది. నేను అవునన్లే, కాదన్లే. ఆ పిల్ల వంగి నా కాళ్లు మొక్కింది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, ఆమె చెయ్యి కరెక్టుగ బొటనవేలి దెబ్బ మీదనే పడ్డది మరి.

నేను ఉత్తకాళ్లతో నడిచి మొక్కితేనే వీసా వచ్చిందని తెల్లారేసరికి కాజీపేటంత తెలిసిపోయింది. ఇప్పుడు లీవుల ఇంటికొస్తే ఒకటే జనం. మొన్న ఒక పెద్దాయన వచ్చి అల్లుని పాస్‌పోర్ట్ జిరాక్స్ నా చేతుల పెట్టిండు. "బిడ్డా, మా వానిది ఆస్ట్రేలియా. జర నడువు" అన్నడు.

కాదనలేక తీసుకున్న. ఈసారి బూట్లు ఇంట్లనే ఇడిసిపోత.