గోడ మీద బోయర్‌హేవియా, గిన్నెలో కలుపు

నిన్న మన పదో తరగతి వాట్సాప్ గ్రూపులో సునీత ఒక ఆకు ఫొటో పెట్టింది. కింద ‘బోయర్‌హేవియా డిఫ్యూసా. కిడ్నీలకు చానా మంచిదంట. ఎక్కడ దొరుకుద్దే?’ అని రాసింది. చూడగానే పాత పేపర్ల మధ్య ఎండిన ఆకుల వాసన ముక్కుకు తగిలింది.

గుర్తుందా, సైన్సు సారు మొక్కలు తెమ్మంటే వాటిని పేపర్లలో పరిచి, పైన ట్రంకు పెట్టె ఎత్తి అణిచేవాళ్ళం? నేను తెచ్చింది నేల మీద పాకే అటికమామిడి. సునీత వాళ్ళ మిరపచేలో కలుపు తీసే కూలికి వెళ్ళే మా అమ్మ దాన్ని కొంగున మూటగట్టుకొచ్చేది. సారు దాన్ని అట్టకు అంటించి, పెద్ద అక్షరాలతో బోయర్‌హేవియా అనే ఆ లాటిన్ పేరు రాసి గోడకు తగిలించారు.

“ఏ దేశం పోయినా దీన్ని ఈ పేరుతోనే గుర్తుపడతారు” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ మధ్యాహ్నమే నా స్టీలు గిన్నె మూత తీశాను. అదే ఆకు, కందిపప్పులో. సునీత తొంగిచూసి, “ఏందే, కలుపు వండుకొచ్చావా? గొడ్లు తినేది!” అంది. మీరంతా నవ్వారు. సారూ నవ్వారు. గోడ మీద దాన్ని మెచ్చుకున్న వాళ్ళెవరూ గిన్నెలో గుర్తుపట్టలేదు. పది పాసయ్యేదాకా నేను సైకిల్ స్టాండు వెనక కూర్చునే అన్నం తిన్నాను.

సునీతా, ఇప్పుడది మీ చేలో దొరకదు. మా అమ్మను పనిలోంచి మాన్పించి కలుపు మందు కొట్టిస్తున్నారుగా. ఆ రోజు అడిగుంటే ఒక ముద్ద పెట్టేదాన్నే.