హెల్మెట్ లేని ఫొటో

గల్ఫ్‌లో మా లేబర్ క్యాంప్‌లోని జగిత్యాల అన్న స్కాఫోల్డింగ్, అంటే పరంజా, కట్టేవాడు. ఆయన ఇంటికి పంపిన ఫొటోలన్నీ సైట్‌లో దిగినవే. అందుకే ఒక శుక్రవారం నన్ను కెమెరాతో సహా దుఖాన్ అనే ఊరి దగ్గర, గాలి కోసిన సున్నపురాళ్ల లోయకు లాక్కెళ్లాడు.

"మీ వదిన హెల్మెట్ లేని ఫొటో కావాలన్నది, తమ్మీ. ఇయ్యాల పంపకుంటే ఊకోదు."

వెలుతురు, దూరం, కోణం సరిచూసుకుని కెమెరా ఎత్తాను. వెంటనే ఆయన చెయ్యి గడ్డం కిందికి పోయింది, లేని పట్టీ బిగించడానికి. ప్రతిసారీ అంతే.

"అన్నా, హెల్మెట్ క్యాంప్‌లనే ఉన్నది!"

"నాకెరుకే. చేతికే ఎరుక లేదు. ఇంకోటి తియ్యి."

పొద్దు గుట్ట అంచుకు దిగింది. చివరికి రెండు చేతులూ వెనక్కి పెట్టి, వెనకున్న గుట్ట రాయిని గట్టిగా పట్టుకున్నాడు.

"యల్లా, ఇగ తియ్యి!"

ఆ ఫొటో చూసి వదిన ఫోన్‌లో అడిగింది: "గుట్ట పడిపోతదని పట్టుకున్నవా?"