బావ మార్చిన ఐసు

మా బావది ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు కోసే పని. వేలు ఆనించి, ఆ దిమ్మ ఎంతసేపు నిలుస్తుందో చెప్పేస్తాడు. ఇంట్లో మాత్రం నోట్లో నాలుక లేని మనిషి, పెత్తనమంతా మా అక్కదే.

వాళ్ళకు ఒక్కతే పాప. కూర్చోవడం నేర్చుకుని, మళ్ళీ మరిచిపోయింది. ఉండుండి కళ్ళు పైకి తిరిగిపోతే గంటల తరబడి దిగేవి కావు.

"మెదడులో ఒక కణం ఇంకోదాన్ని పలకరించాలంటే కొన్ని రసాయనాలు కావాలమ్మా. పాపకు అవి తయారు కావట్లేదేమో," అన్నారు డాక్టరుగారు. "వెన్నులో నీరు తీసి చూద్దాం. ఆ లోపమే అయితే మందుంది."

అక్క ఆ చివరి మాటనే పట్టుకుంది.

ఆ పరీక్ష చేసే ల్యాబు వేరే ఊళ్ళో ఉంది. పాప వెన్నులోంచి తీసిన నీటిని ఆసుపత్రి వాళ్ళు ఐసు పెట్టెలో పెట్టి ఇచ్చారు. "ఐసు సంగతి నాకొదిలెయ్యండి," అని పెట్టె తీసుకుని బావే రైలెక్కాడు. ఊరుకుంటాడా, దారిలో మూత తీశాడు. లోపల ముక్కలు సగమయ్యాయి, పొగలు వస్తున్నాయి, అడుగున నీటి చుక్క లేదు. తర్వాతి స్టేషన్లో దిగి, అదంతా పారబోసి, చేపల దుకాణంలో మంచి ఐసు కొని నింపాడు.

"ఎవడో దొంగసరుకు అంటగట్టాడ్రా. కరిగితే నీళ్ళుండాలి కదా? నేను చూశాను కాబట్టి సరిపోయింది," అని నాకు ఫోన్ చేసి మురిసిపోయాడు.

పాప వెన్ను నీరు పాడైపోయిందని ల్యాబు వాళ్ళు తేల్చేశారు.

"అది డ్రై ఐస్ అండీ. కరగదు, ఆవిరైపోతుంది. మీ ఐసు కంటే చాలా చల్లన. ఆ చలి లేకపోతే ఆ రసాయనాలు నిలవవు," అన్నారు డాక్టరుగారు. బావ తల దించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మూత తీయొద్దని ముందే ఒక్క ముక్క చెప్పడానికి ఆసుపత్రి వాళ్ళ నోరు పడిపోయిందా? అయినా, చెబితే మాత్రం ఐసు విషయంలో మా బావ వినే రకమా?

మళ్ళీ సూది వేద్దామనేలోపు పాపకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసింది. నెలలు గడిచాయి. పిల్ల సగమైపోయింది.

రెండోసారి అక్క గదిలోకి రాలేకపోయింది. పాపను పక్కకు తిప్పి, మోకాళ్ళు పొట్టకు ఆనించి, బావే గట్టిగా పట్టుకున్నాడు. మొదటిసారి ఆ సూదికి పాప వార్డంతా అదిరేలా ఏడ్చింది. ఈసారి సూది దిగింది. పెదాలు వణికాయి గానీ గొంతు రాలేదు.

"బుద్ధిమంతురాలు, కదలకుండా ఉంది," అంది నర్సు.

బావ పాప చెవి దగ్గరికి వంగాడు.

"ఏడువమ్మా," అన్నాడు. "ఒక్కసారి ఏడువు తల్లీ."