మూడుసార్లు ఎగిరిన గుండీ

వీధి మలుపులో బట్టలు కుట్టే ఆయన్ని అందరూ గుండీ మాస్టారనే పిలిచేవారు. ఏ కోటు నుంచి ఊడిందో, ఒక పెద్ద నల్ల గుండీ ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉండేది. టీయా కాఫీయా, ఎవరి బట్టలు ఇవాళ, ఎవరివి రేపు, అన్నీ అదే తేల్చేది. ఎగరేసి కత్తిరింపు బల్ల మీద పడనిచ్చేవారు. వెల్లకిలా పడితే ఒకటి, బొర్లా పడితే ఇంకొకటి.

"నన్నేం చెయ్యమంటారండీ, గుండీ అలా పడింది!" అనేవారు. గుండీతో ఎవరు పోట్లాడతారు? జనం నవ్వి ఊరుకునేవారు. అసలు సంగతి, మాస్టారికి మొహం మీద కాదనడం చేతకాదు.

ఒక మధ్యాహ్నం వాళ్ళ అక్క వచ్చింది. కూతురికి మర్నాడు పొద్దున్నే మొట్టమొదటి ఇంటర్వ్యూ. కోటుకి ఇంకా చేతులు అతకలేదు.

"సాయంత్రానికి ఇచ్చేస్తానక్కా, నాకొదిలెయ్" అన్నారు మాస్టారు. పనిలో పనిగా తన జాకెట్టు కూడా తొడిగి చూసుకుందామని ఆవిడ ట్రయల్ రూములోకి వెళ్ళి తెర లాక్కుంది.

అంతలో ఫోను. బ్యాంకు మేనేజరు. రేపు గ్రూపు ఫోటోట, సూటు సాయంత్రానికే కావాలిట.

"తప్పకుండా సార్!" అనేసింది నోరు. పెట్టేశాక గుర్తొచ్చింది, ఉన్నది ఒక్క మిషను. లోపలున్న అక్క మాత్రం గుర్తు రాలేదు.

"వెల్లకిలా అయితే పిల్ల కోటు. బొర్లా అయితే మేనేజరు."

వెల్లకిలా పడింది. మాస్టారు చెవి గోక్కున్నారు. మేనేజరంటే మాటలా, కొట్టుకి నలుగుర్ని పంపే మనిషి. పిల్లదేముంది, మన పిల్లేగా.

"బల్ల కదిలింది, ఇది చెల్లదు."

మళ్ళీ వెల్లకిలా.

"ఫ్యాను గాలి!" ఫ్యాను కట్టేసి మూడోసారి ఎగరేశారు. బొర్లా.

"అదీ!"

తెర జరిగింది.

"ఆపేశావేంరా? నాలుగోది కూడా కానియ్. ఫ్యాను ఎలాగూ కట్టేశావుగా."

మాస్టారి చెవులు కాలిపోయాయి. "అది కాదక్కా... గుండీ..."

"దాన్నెందుకు అంటావు పాపం, అది రెండుసార్లు నా కూతురి పక్షానే పడింది." అరవలేదు ఆవిడ. అరిచినా బాగుండేది. "కిందటేడు నా ఆపరేషన్ రోజున గుండీ కొట్లోనే ఉండమందన్నావు. అప్పుడెన్నిసార్లు ఎగరేశావ్?"

నాలుగుసార్లు. బాగా గుర్తుంది. మాస్టారు మెడలో టేపు సర్దుకున్నారు.

ఆవిడ వెళ్ళాక, గొంతు సవరించుకుని మేనేజరుకి ఫోను చేశారు. "కుదరదండీ" అన్నారు, కళ్ళు మూసుకుని.

"అయ్యో, దానికేముంది, పాతది వేసుకుంటాలెండి" అన్నాడాయన.

ఇంతేనా! ఇంత తేలికా? దాంతో మాస్టారి తల ఇంకా కిందికి దిగింది.

చీకటి పడేలోగా కోటు స్వయంగా పట్టుకెళ్ళారు. మేనకోడలు తొడుక్కుని అద్దంలో చూసుకుంది.

"భలే కుదిరింది మామయ్యా! ఈ పై గుండీ ఒక్కటే వేరేగా ఉందేం?"

అక్క వంటగది గుమ్మంలోంచి తమ్ముడి ఖాళీ జేబు వంక చూసింది.

"అది... గట్టిదమ్మా" అని, మాస్టారు చెప్పులు వెతుక్కున్నారు.