థియేటర్ల సదువుతున్న మనవడు

నేను చదివేది నాటకరంగం. అందులోనూ యూరప్‌లో ఐదారు వందల ఏళ్ల కిందటి నాటకాలు: మొదట చర్చిల ముందు, వీధుల్లో బండ్ల మీద వేసినవి, తర్వాత రాజుల కొలువుల్లో వేసినవి. ఈ సంగతి ఎయిర్‌పోర్టు పక్కనున్న మా ఊరు పాల్మాకులలో చెబితే ఎదుటి మనిషి కాసేపు మౌనం పాటిస్తాడు. పోయినవాళ్లకు పాటించినట్టే. తర్వాత "మరి నౌకరి?" అంటాడు. అందుకే మా బాపు ఎవరడిగినా "థియేటర్ల పీజీ చేస్తుండు" అని ఊరుకునేవాడు.

నేను సినిమా హాలు నడపడం నేర్చుకుంటున్నానని కొందరు అనుకున్నారు. నాయనమ్మ అలా అనుకోలేదు. ఆమె జీవితంలో చూసిన థియేటర్ ఒక్కటే, కంటి ఆపరేషన్ అయినప్పుడు. పీజీ అంటే పెద్ద డాక్టర్లు చదివేదని ఎక్కడో విన్నది. రెండూ కలిపేసింది.

సరిచేయడానికి ప్రయత్నించకపోలేదు.

"నేను డాక్టర్‌ను గాదే. నాటకాలు సదువుతున్న."

"నా తోని నాటకాలాడకు" అని నవ్వేది.

ఒకసారి పక్కింటామె దగ్గుకు, జర వేడినీళ్లు తాగమన్నాను. తగ్గింది. ఇక నా మాట ఎవరు వింటారు.

ఆ మధ్యాహ్నం యూనివర్సిటీలో నరకం నోటికి రంగు వేస్తున్నాను. ఆ కాలపు నాటకాల్లో స్టేజీకి ఒక పక్కన పెద్ద రాక్షసి తల పెట్టేవాళ్లు. పాపులు దాని నోట్లోంచే నరకంలోకి పోవాలి. మేం అట్టలతో ఒకటి చేశాం. నాలుకకు ఎర్రరంగు వేయడం నా వంతు. సగం నాలుకకు, సగం నా చొక్కాకు వేశాక బాపు ఫోన్ వచ్చింది.

"నాయనమ్మకు పేగు మెలిక వడ్డదంట. ఇప్పుడే ఆపరేషన్ జెయ్యాల్నంటున్నరు. ఈమె ఒప్పుకుంటలేదు. జల్ది రా."

అత్తాపూర్‌లో, ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్ చెబితే గానీ ఆటోవాళ్లకు తెలియని దవాఖాన అది. ఉన్న బట్టలతోనే పోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి స్ట్రెచర్ కోసం కేకేయబోయాడు.

"యాక్సిడెంటా అన్నా?"

"కాదు, నరకం."

అతను పక్కకు జరిగాడు.

నాయనమ్మ మంచం మీద ముడుచుకుని, రెండు చేతులతో కడుపు పట్టుకుని ఉంది. కోస్తా వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మ బాపుకు మర్యాదగా చెబుతోంది. "వయసు ఎక్కువ కదండీ, చేసినా గ్యారంటీ ఇవ్వలేం. చేయకపోతే మాత్రం..." 

"నన్ను కొయ్యనియ్య. పానం పోతే ఇంట్లనే పోనియ్యి" అంటోంది నాయనమ్మ.

అప్పుడు నన్ను చూసింది. నా ముఖం కాదు, చొక్కా.

"సూసినవురా?" అంది బాపుతో. "పోరడు ఇప్పుడే ఎవన్నో కోసొచ్చిండు."

బాపు నా వంక చూశాడు. అది రంగు అని చెప్పడానికే నేను నోరు తెరిచాను.

"నువ్వు లోపట ఉంటవా?" అని అడిగింది నాయనమ్మ. "నువ్వుంటెనే పోత. లేకుంటె లేదు."

మంచం దగ్గరికి జరిగాను. 

"ఉంటనే" అన్నాను.

బయటికొచ్చి డాక్టరమ్మకు అసలు సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. టోపీ, మాస్కు, గౌను ఇప్పించి, "మత్తు ఇచ్చేవరకూ ఉండండి. దేన్నీ ముట్టుకోకండి" అంది. వేషాల మీద అన్ని పుస్తకాలు చదివినవాణ్ని, గౌనుకు ముందేదో వెనకేదో తెలియక తిరగేసి తొడుక్కున్నాను. నర్సు సరిచేసింది.

లోపల నాయనమ్మ కళ్లు నన్ను వెతికాయి.

"మూతి గట్టుకున్నవేంది? ఎవలో అనుకున్న."

మాస్కు కిందికి లాగాను.

"బువ్వ తిన్నవా?"

"తిన్ననే."

"సరే, ఇగ కానియ్యి" అని నాకే హుకుం ఇచ్చి కళ్లు మూసుకుంది. మత్తు డాక్టర్ కానిచ్చాడు. నన్ను బయటికి పంపారు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. తెల్లారేసరికి నాయనమ్మ లేదు. నేను చదివే నాటకాల్లో మృత్యువు తలుపు కొట్టి, పేరు పెట్టి పిలిచి, కాసేపు వాదించి మరీ తీసుకుపోతుంది. దాని మీద ఒక పేపర్ కూడా రాశాను. ఇక్కడ బాపు చాయ్ కోసం కిందికి దిగి వచ్చేలోపే అయిపోయింది.

దినాలప్పుడు కొత్వాల్‌గూడ నుంచి నాయనమ్మ చెల్లెలు వచ్చింది. నాకు చిన్నవ్వ. ఏడ్చి ఏడ్చి, నెత్తి మీద విమానం దాటిపోయేదాకా ఆగి, నా వైపు తిరిగింది.

"లోపట నువ్వే ఉంటివి గద బిడ్డా. నిన్ను నమ్మే పోయె నా అక్క. నువ్వుండి గూడ బతికియ్యకపోతివి?"

ఇంటినిండా ఉన్న చుట్టాలు నన్నే చూస్తున్నారు. బాపు గొంతు సవరించుకున్నాడు.

"చిన్నమ్మా, వాడు డాక్టర్..."

"బాపూ" అన్నాను. ఆగాడు.

నేను డాక్టర్‌ను కాదంటే, నాయనమ్మ ఎర్రరంగును నమ్మి లోపలికి పోయిందని చెప్పినట్టే. దాన్ని పదిమంది చెప్పుకుంటారు. కొందరు నవ్వుతారు కూడా. వేరేవాళ్ల నాయనమ్మ అయితే నేనే ముందు నవ్వేవాణ్ని.

"నా తోని గాలే చిన్నవ్వా" అన్నాను.

 కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"కొత్తల గట్లనే అయితది బిడ్డా. మనసుల వెట్టుకోకు."

తర్వాత చీర కొంచెం పైకి జరిపి, వాచిన మోకాలు నా ముందుకు చాపింది. నొక్కి చూశాను.