నీళ్లలో ఉన్న ఇంటి నుంచి కబురు

ముందే చెప్తున్నాను, ఇది కల్పించింది కాదు. మా గడీ పోయింది, భూములు పోయాయి, ఎదురొస్తే పక్కకు తప్పుకునే మనుషులూ పోయారు. మిగిలింది ఒక్కటే... మాట. దాన్ని కూడా ఒక దయ్యం కథ కోసం పోగొట్టుకుంటానా? నవ్వేవాళ్లు నవ్వండి. కానీ చివరిదాకా విని నవ్వండి.

మా ఊరు ఇప్పుడు లేదు. కరీంనగర్ అవతల కట్టిన ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. ఊరితో పాటే మా తాతల నాటి గడీ, కోటలాంటి దొరల ఇల్లు. ఊరివాళ్లందరినీ తెచ్చి ఈ పునరావాస కాలనీలో పెట్టారు. అందరికీ ఒకే కొలత ఇళ్లు. నాకూ అదే. మా గడీలో గుర్రాలు కట్టేసే కొట్టం ఇంతకంటే పెద్దది.

వానాకాలానికి ముందు ఎవరో వచ్చి మా ఫోన్లలో ఒక మ్యాప్ యాప్ వేసిపోయారు. వాగు ఎక్కడ పొంగింది, ఏ బాట మునిగింది... చూసినవాళ్లు ఫొటోనో మాటనో పంపాలి. అది మ్యాప్ మీద అందరికీ కనిపిస్తుంది. మునిగిన బాట ఎరుపు, బాగున్న బాట పచ్చ. మంచి పనే. కాదనను. కానీ తెరవగానే అది అడిగిన మొదటి మాట: మీ ఇల్లు ఎక్కడ? మ్యాప్ మీద గుర్తు పెట్టండి.

అందరూ కాలనీ మీద పెట్టారు. నేను పెట్టలేదు. ఆ రెండు గదుల డబ్బాను నా ఇల్లని నా వేలితో నేనే ఒప్పుకోవాలా? మ్యాప్‌ను జరుపుకుంటూ పోయాను. నీలంగా పరుచుకున్న నీళ్ల నడుమ, గడీ ఉండే చోట గుర్తు పెట్టాను.

ఇక చూడండి నా అవస్థ. నాలుగు చినుకులు పడితే చాలు, ఫోన్ మొత్తుకునేది. "మీ ఇల్లు ముంపు ప్రమాదంలో ఉంది. వెంటనే ఖాళీ చేయండి." అన్నం తింటుంటే ఖాళీ చేయండి. కన్ను మూస్తే ఖాళీ చేయండి. ఎప్పుడో ఖాళీ చేశాం కదరా నాయనా!

కాలనీ మూలన చాయ్ హోటల్ నడిపే మల్లేశమే ఈ యాప్ గుంపుకు పెద్ద. అతనికి ఇదొక పండుగ.

"దొరా, మీ గడీకి జలగండం ఉన్నదట గదా! మూటముల్లె సదురుకున్నరా?"

"చాయ్ పొయ్యి, మల్లేశం."

"గా గుర్తు తీసి గిటు పెట్టుకోరాదుండ్రి. ఒక్క నొక్కుడే."

"నా ఇల్లెక్కడున్నదో నాకెరుక."

"ఎరుకే దొరా. చేపలకు గూడ ఎరుకే."

హోటల్ అంతా నవ్వింది. నేను చాయ్ సగంలో వదిలేసి లేచాను.

ఆ రాత్రి సంగతికి వస్తాను. పొద్దుటి నుంచి ముసురు. కరెంటు లేదు. నా భార్య సుజాత కరీంనగర్‌లో చీరల దుకాణంలో పనిచేస్తుంది. మా అవ్వ బతికుంటే ఈ మాట చెవిన పడనిచ్చేది కాదు. సరే. రోజూ రోడ్డు మీద బస్సు దిగి ఆటోలో కాలనీకి రావాలి. మధ్యలో వాగు. దాని మీద పక్కగోడ కూడా లేని లోలెవల్ వంతెన.

దీపం పెట్టిన కాసేపటికి ఫోన్ చేసింది.

"బస్సు దిగిన. ఆటోల కూసున్న. ఇంకిద్దరు దొరికితే కదులుతడట."

"వాగు ఎట్లున్నదో?"

"డ్రైవర్ మ్యాప్ చూసిండు. పచ్చగనే ఉన్నదట. మీరు జర బియ్యం కడిగి పెట్టుండ్రి."

నేనూ చూశాను. వంతెన పచ్చగానే ఉంది.

అప్పుడు మోగింది...

"మీ ఇంటి దగ్గర నుంచి ఒక కబురు."

నా ఇంటి దగ్గర నుంచా? మ్యాప్ తెరిచాను. నీళ్ల నడుమ, నా గుర్తు పక్కన, ఎర్ర చుక్క. ఆరుతోంది... వెలుగుతోంది. గొంతుతో పంపిన కబురు. నొక్కాను.

ముందు ఏమీ లేదు. వాన. మామూలు వాన కాదు... నీళ్ల అడుగున కూర్చుని పైన పడే వానను వింటున్నట్టు. తర్వాత కర్ర. రాతి మీద కర్ర. టక్... టక్... ఆగింది.

"దొరా... వాగు బాట మీదికెక్కుతుంది దొరా."

ముసలి గొంతు. అరుపు కాదు. గుమ్మం బయట నిలబడి, లోపలికి వినపడాలి, కానీ గట్టిగా అనకూడదు... అలా.

నాకు భయం వేయలేదు. ఒళ్లు మండింది. మల్లేశానికి ఫోన్ చేశాను.

"సిగ్గుండాలె మల్లేశం. గీ వానల గివేం ఆటలు?"

"ఏం ఆటలు దొరా?"

"ముసలోని గొంతు పెట్టి పంపింది నువ్వు గాదా?"

"మా అవ్వ తోడు! ఇల్లు కారుతుంటే గిన్నెలు పెట్టుకుంట పరేషాన్ల ఉన్న. నా ఫోన్ల గసోంటిదేం రాలే."

"మరి గడీ కాడికెల్లి ఎట్లచ్చింది?"

"గడీ కాడికెల్లా?" ఆగాడు. "గా నీళ్లల్లకు నేనెట్ల పోత దొరా?"

పెట్టేశాను. మళ్లీ మోగింది. టక్... టక్... "దొరా... వాగు బాట మీదికెక్కుతుంది దొరా." అదే మాట. కబురు కింద 'అందింది' అని ఒక బటన్ ఉంటుంది. నొక్కాను. గుండ్రంగా తిరిగి తిరిగి... "మళ్లీ ప్రయత్నించండి." నొక్కాను. "మళ్లీ ప్రయత్నించండి." ఫోన్‌ను గోడకేసి కొడదామనిపించింది. ఖాళీ చేయమనడానికి మాత్రం దీనికి సిగ్నల్ ఎప్పుడూ ఉంటుంది!

మూడోసారి మాట లేదు. కర్ర చప్పుడూ లేదు. ఉత్త ఊపిరి. ఎవరో నిలబడి ఉన్నారు... తడిసి... కదలకుండా.

అప్పుడు మా నాన్న... బాపు చెప్పింది గుర్తొచ్చింది.

మా ఊరి చెరువుకూ వాగుకూ కాపలా ఉండే మనిషిని నీరటి అనేవాళ్లు. వానాకాలంలో చీకటి పడ్డాక అతను గడీకి వచ్చి, కింది మెట్టు మీద కర్రతో రెండుసార్లు తట్టి, నీళ్ల సంగతి చెప్పాలి. లోపలి నుంచి దొర "విన్న, పో" అనాలి. ఆ మాట వినపడందే కదలకూడదు. ఇంకొకరితో చెప్పిస్తే చెల్లదు. దొర గొంతే కావాలి. తాత నిద్రపోయిన రాత్రుల్లో నీరటి తెల్లవార్లూ ఆ మెట్టు దగ్గరే నిలబడేవాడట. బాపు దీన్ని మా ఇంటి మర్యాద కింద చెప్పేవాడు. నేనూ అలాగే విన్నాను. కానీ ఆ ఊపిరి విన్నాక... ఏమో.

పిచ్చిపని అని తెలుసు. చీకట్లో, కడిగిన బియ్యం గిన్నె పక్కన నిలబడి, మైకు గుర్తు నొక్కి పట్టాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"విన్న. పో."

ఊపిరి ఆగింది. ఒక్క క్షణం... ఏ చప్పుడూ లేదు. తర్వాత కర్ర. టక్... టక్... దూరమవుతూ. ఫోన్‌లోంచే అనుకున్నాను. చేతిలోకి చూసుకుంటే ఫోన్ నల్లగా, ఆరిపోయి ఉంది.

మళ్లీ వెలిగించి సుజాతకు చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను... ఎత్తింది.

"ఆగుమను! వంతెన ఎక్కొద్దు."

"ఇగో, వంతెన కాడికే అచ్చినం. పచ్చగ చూపెడుతుందంటుండు డ్రైవర్."

"ఆగుమను సుజాతా!"

"గట్ల ఒర్రుతరేంది? ఎవలు చెప్పిండ్రు మీకు?"

ఏం చెప్పను?

"ఇంటికాడికెల్లి... చెప్పిండ్రు."

"ఇంట్ల మీరొక్కలే గదా ఉన్నది!"

అటు నుంచి వాన చప్పుడు వినిపించింది. తర్వాత, "అన్నా... జర ఆపుండ్రి" అంది. బ్రేకు కీచుమంది. డ్రైవర్ ఏదో గొణుక్కుంటూ టార్చి పట్టుకుని దిగినట్టున్నాడు. కాసేపటికి అతని కేక.

"బాటేదమ్మా? అమ్మో, బాటే లేదు!"

ఆ రాత్రి ఆమె రోడ్డు మీద తెలిసినవాళ్ల ఇంట్లో పడుకుంది. వంతెన మునిగిందని నేను యాప్‌లో పంపుతూనే ఉన్నాను. "మళ్లీ ప్రయత్నించండి." తెల్లారేదాకా అది పచ్చగానే ఉంది.

పొద్దున్నే ఫోన్ పట్టుకుని మల్లేశం హోటల్‌కు పోయాను, వినిపిద్దామని. నీళ్ల నడుమ నా గుర్తు దగ్గర కబురు ఒక్కటే ఉంది. నాది. "విన్న. పో." దానికి ముందు ఏదీ లేదు.

మల్లేశం రెండుసార్లు విన్నాడు. నవ్వలేదు.

"ఎవలకు చెప్పిండ్రు దొరా?"

యాప్ వాళ్లకు ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఓపికగా చెప్పింది. సిగ్నల్ తేడా అట. ఇంటి గుర్తు నీళ్లలో పెట్టడం తప్పట. తీసి, ఉంటున్న చోట పెట్టుకోవాలట. సిగ్నల్ తేడా! సిగ్నల్ చేతిలో కర్ర ఉంటుందా? కావచ్చు... ముసురులో నా చెవులే మోసం చేశాయేమో. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

సుజాత మాత్రం ఒకటే పోరు. "తీసేయుండ్రి. నాకు భయమైతుంది."

వేలు అక్కడిదాకా పోతుంది. ముందు పంతానికి తీయలేదు. ఇప్పుడు పంతం కాదు. వాన పడ్డప్పుడల్లా ఖాళీ చేయమని అది మొత్తుకుంటుంది, నేను తిట్టుకుంటాను, ఇవాళ తీసేయాల్సిందే అనుకుంటాను.

తీసేస్తే... చీకటి పడ్డాక ఆ మెట్టు దగ్గరికి వచ్చినవాడు, ఎంతసేపని నిలబడతాడు?